పెన్షన్ ఆగితే ముందు ఎక్కడికి? సైనిక సంక్షేమ కార్యాలయం, సంఘం, ట్రిబ్యునల్: ఏది మేలు?

నాకు ఫోన్ చేసే మాజీ సైనికుల ఇళ్ళవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే. "నాన్న పోయి ఆర్నెల్లయింది సార్, అమ్మకి పెన్షన్ పడట్లేదు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్ళమంటారా, సంఘం వాళ్ళని పట్టుకోమంటారా, ఏకంగా చెన్నై ట్రిబ్యునల్లో కేసు వేసెయ్యమంటారా?" నేనూ మాజీ సైనికుణ్ణే, మా మాజీ సైనికుల సంఘంలో సభ్యుణ్ణి. కాబట్టి సంఘానికే ఓటేస్తానని అడిగేవాళ్ళ నమ్మకం. ఈ విషయంలో మాత్రం వెయ్యను.

ఏ ఇళ్ళ గురించి మాట్లాడుతున్నానో ముందే చెప్పాలి. సరిహద్దులో జవాను ప్రాణం పోతే ప్రభుత్వమే గుమ్మంలోకి వస్తుంది. 2020లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు ఇంటికి, సూర్యాపేటకి, ముఖ్యమంత్రే స్వయంగా వెళ్ళారు. అలా వెళ్ళాలి కూడా. కానీ ఇరవై నాలుగేళ్ళు నౌకరీ చేసి, హవల్దారుగా దిగి, ఊళ్ళో రెండెకరాలు సాగు చేసుకుంటూ డెబ్భై దాటాక కన్నుమూసిన మనిషి ఇంటికి పదకొండో రోజు దాటితే చుట్టాలు కూడా రారు. పెన్షన్ తిప్పలన్నీ ఆ ఇళ్ళల్లోనే.

ఆ తిప్పలకి కారణం ఎవరో తొక్కిపెట్టారనో, లంచం అడుగుతున్నారనో అనుకుంటారు. నేను చూసినంతలో మాత్రం నూటికి ఎనభై పాళ్ళు గొడవంతా ఆవిడ పేరు దగ్గర, పుట్టిన తేదీ దగ్గర. ఈమధ్య ఒకరింట్లో ట్రంకు పెట్టె తెరిపించాను. నల్ల పెట్టె మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. అడుగున ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి బుక్కు. అందులో కుటుంబం పేజీలో భార్య పేరు లక్ష్మమ్మ. ఆధార్‌లో వెంకటలక్ష్మి, ముందు అత్తింటి ఇంటిపేరు. బ్యాంకు పాసుబుక్కులో పుట్టింటి ఇంటిపేరు. పుట్టిన సంవత్సరం మూడింట్లో మూడు రకాలు. ఇందులో మోసమేమీ లేదు. పెళ్ళయిన కొత్తలో సెలవు ముగించుకుని యూనిట్‌కి తిరిగెళ్ళిన కుర్రాడు చెప్పిన పేరుని, తెలుగు ముక్క రాని గుమాస్తా తన చెవికి వినపడినట్టు పార్ట్ టూ ఆర్డర్లో, అంటే పెళ్ళి, పిల్లల వివరాలు సర్వీసు రికార్డుకెక్కించే కాగితంలో, ఎక్కించాడు. ఆయన బతికున్నంత కాలం ఆ పేజీతో ఎవరికీ పని పడలేదు.

ఇప్పుడు పడింది. పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), స్పర్శ్‌లో (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) ఉన్న పేరు ఆధార్‌తో సరిపోతే పని సులువు: మరణ ధ్రువపత్రం ఎక్కించి, వివరాలు నింపితే ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది, ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. సరిపోకపోతే ఆ పేరు మార్చగలిగేది ఆయన సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసు ఒక్కటే. వాళ్ళు తమ రిజిస్టర్లో సరిచేసి పంపితేనే ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ (సైనిక పెన్షన్లు మంజూరు చేసే ఆఫీసు) నుంచి కరిజెండం పీపీఓ, అంటే సవరించిన ఉత్తర్వు, వస్తుంది. ఎమ్మెల్యే చెప్పినా, సంఘం అధ్యక్షుడు చెప్పినా, ఆఖరికి ట్రిబ్యునల్ చెప్పినా ఆ కాగితం తిరిగి తిరిగి చేరేది రికార్డ్ ఆఫీసు బల్ల మీదికే. అంచేత నేను చూసే కొలత ఒక్కటే: రికార్డ్ ఆఫీసు కాదనలేని రూపంలో కాగితం ఎవరు పంపగలరు?

ఆ కొలతకి నిలిచేది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. చూడ్డానికి ఏముంటుంది అక్కడ! పాత భవనం, ఇద్దరు ముగ్గురు సిబ్బంది, గోడ మీద సాయుధ దళాల పతాక దినోత్సవం పోస్టరు. కానీ అక్కడి వెల్ఫేర్ ఆర్గనైజర్లు మాజీ సైనికులే. డిశ్చార్జి బుక్కు చేతికిస్తే మూడో పేజీ తిప్పేలోగా చెప్పేస్తారు, "అమ్మా, మీ పెళ్ళి పార్ట్ టూ అయింది గానీ పేరు తప్పు పడింది. ఈ రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి, ఆధార్ జతపరిచి తీసుకురండి" అని. పాత పీపీఓల్లో కొన్నిటికి భార్య పేరే ఎక్కి ఉండదు, జాయింట్ నోటిఫికేషన్ చేయించాలి, అంటే ఆవిడ పేరు కూడా పీపీఓలో ఎక్కించాలి. అదీ వాళ్ళకి తెలిసిన పనే. వాళ్ళు పరిశీలించి, ముద్ర వేసి, నంబరు ఇచ్చి పంపిన కాగితానికి రికార్డ్ ఆఫీసు జవాబు రాయక తప్పదు. ఖర్చు నోటరీకి, జిరాక్సులకి అయ్యేదే.

పెన్షనే లేని కుటుంబాలకి కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం కూడా ఈ దారినే వస్తుంది. హవల్దారు ర్యాంకు దాకా, పెన్షన్ లేక అరవై అయిదు దాటినవాళ్ళకి, వాళ్ళు పోతే వాళ్ళ భార్యలకి నెలకి 4,000 ఇచ్చేవారు. 2025 నవంబరు నుంచి దాన్ని 8,000 చేశారు. పిల్లల చదువు సాయం నెలకి 1,000 నుంచి 2,000 అయింది, పెళ్ళి సాయం 50,000 నుంచి లక్షకి పెరిగింది. ఊళ్ళల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు బహు తక్కువ. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పూలగుత్తుల కింద ఇలాంటివన్నీ పూడిపోతుంటాయి.

కార్యాలయానికి లోపాలు లేవా అంటే, ఉన్నాయి. జిల్లాలు చీలినంత వేగంగా ఈ ఆఫీసులు పెరగలేదు, కొందరికి బస్సు మారి వెళ్ళాల్సిన దూరం. పైగా "పంపేశామమ్మా" అన్నాక వాళ్ళ పని అయిపోయినట్టే. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి "జవాబు వచ్చిందా" అని అడిగే మనిషి ఇంట్లో లేకపోతే ఫైలు నిద్రపోతుంది. అందుకే పంపిన ఉత్తరం నకలు, దాని నంబరు, తేదీ అడిగి తీసుకోండి. ఇవ్వం అనరు. అడిగేవాళ్ళే తక్కువ.

ఒక్క మినహాయింపు. ఆయన ఈఎంఈలోనో (ఆర్మీ యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీలోనో (ఆయుధాల, సామగ్రి సరఫరా విభాగం) చేసి ఉంటే రికార్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. కాగితాలు జిల్లా ఆఫీసు ద్వారా పంపించి, నకలు పట్టుకుని మనిషే వెళ్ళి అడగొచ్చు. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. అంత దూరం ఆవిణ్ణి తిప్పడం అన్యాయం. అలాంటప్పుడు జిల్లా కార్యాలయం విలువ ఇంకా పెరుగుతుంది.

ఇక సంఘం. ఇద్దరు మాజీలు కలిస్తే ఒక సంఘం, ముగ్గురు కలిస్తే రెండు అని మాలో మేమే నవ్వుకుంటాం. అయినా సంఘాలు లేకపోతే 2015లో జంతర్ మంతర్ దగ్గర ఆ దీక్షలు లేవు, ఆ ఏడాది నవంబరు 7న వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసుకి ఒకే పెన్షన్) ఉత్తర్వూ వచ్చేది కాదు. 2014 జులై 1 నుంచి లెక్కగట్టి ఇచ్చిన ఆ పెంపు, అయిదేళ్ళకోసారి జరిగే సవరణ ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్ళకీ వర్తిస్తున్నాయి. మాజీ సైనికులకి ఇచ్చిన అసైన్డ్ భూముల చిక్కులు, ఇంటి పన్ను మినహాయింపు లాంటి రాష్ట్ర ప్రభుత్వ వ్యవహారాల్లోనూ సంఘానిదే పైచేయి. పదిమంది వెళ్ళి కలెక్టరు ముందు నిలబడితే తేలే పనులవి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి చోట, ఇంటికో సైనికుడున్న ఊళ్ళో, సంఘం అంటే ఊరే.

కానీ ఒక ఇల్లాలి పేరు మార్పు దగ్గరికొచ్చేసరికి సంఘం లెటర్‌హెడ్ బలం ఎంత? రికార్డ్ ఆఫీసు దాన్ని ఫైల్లో పెట్టుకుంటుంది, అంతే. దాని ఆధారంగా అక్షరం కూడా మార్చదు. పైగా అరుగు మీద కూర్చుని ఇచ్చే సలహాల్లో కొన్ని కొంప ముంచుతాయి. "చనిపోయినట్టు ఇప్పుడే చెప్పకండి, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ అడిగేదాకా ఆయన పెన్షన్ పడుతూనే ఉంటుంది" అని ఒక పెద్దమనిషి చెబితే ఒక కుటుంబం అలాగే చేసింది. పడిన డబ్బంతా ఏటీఎంలో తీశారు. తర్వాత అదంతా ఆవిడ పెన్షన్‌లోంచి కోతపడింది. చావుకబురు ముందే చెప్పినందువల్ల పోయేదేమీ లేదు. మంజూరు ఎంత ఆలస్యమైనా ఫ్యామిలీ పెన్షన్ ఆయన పోయిన మర్నాటి నుంచే లెక్క, బకాయి మొత్తం వస్తుంది.

సంఘం నిజంగా ఉపయోగపడేది రెండు చోట్ల. స్పర్శ్ లాగిన్ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు అక్కడ దొరుకుతారు. ఓటీపీ వెళ్ళేది చనిపోయినాయన నంబరుకే. మనిషే లేనప్పుడు రీఛార్జి ఎందుకు దండగ అని ఆ సిమ్ము వదిలేసుకుంటారు చాలామంది. వదలకండి. రెండోది, ఇందాక చెప్పిన ఆ రెండు నెలల తర్వాత ఫోన్ చేసే మనిషి. కాగితం కార్యాలయం ద్వారా నడవాలి, దాని వెంటపడేది సంఘం మనిషి కావాలి. నా ఓటు ఈ జోడీకి, ఆ వరుసలోనే.

ట్రిబ్యునల్ సంగతి వేరు. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2007 చట్టంతో వచ్చింది, 2009లో పని మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి. పేరు తేడాకి అక్కడికి పరుగెత్తడం దండగ. ముందు శాఖలో ఉన్న దారులన్నీ చూశారా అని చట్టమే అడుగుతుంది. అది పనికొచ్చేది రికార్డ్ ఆఫీసో, పీసీడీఏయో "కుదరదు" అని రాతపూర్వకంగా చెప్పాక. ముఖ్యంగా డిజేబిలిటీ పెన్షన్‌లో. చేరేటప్పుడు నిక్షేపంగా ఉన్న మనిషిని జబ్బు పేరుతో ఇంటికి పంపి, "ఈ జబ్బుకి సర్వీసుకి సంబంధం లేదు" అని మెడికల్ బోర్డు రాసేస్తుంది. చేరేనాటి రికార్డులో ఆ జబ్బు ఊసు లేకపోతే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలని, కాదని రుజువు చేసే బాధ్యత శాఖదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అలాంటి కేసుంటే ట్రిబ్యునల్‌కే వెళ్ళండి, సంఘం చుట్టూ తిరగొద్దు. నానబెట్టొద్దు కూడా: ఏళ్ళ తరబడి ఊరుకుని వెళ్తే పెన్షన్ ఇప్పించినా, బకాయి మూడేళ్ళకే పరిమితం చెయ్యొచ్చు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చేసింది. గెలిచాక కూడా శాఖ పైకోర్టుకి వెళ్ళొచ్చు, తీర్పు అమలుకి మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. ఓపిక ఉండాలి.

బకాయిలో ఇంత శాతం అని లాయర్లతో మాట్లాడుకుంటున్నారు కొందరు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్కమాట. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కుంది. 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వాళ్ళు వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టి, సైనిక బోర్డుల్లోనే లీగల్ క్లినిక్కులు పెడుతున్నారు. మీ జిల్లా కార్యాలయంలో పెట్టారో లేదో అడగండి.

మిగతావి: కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టడం మంచిదే, కార్యాలయం ఉత్తరం నంబరు అందులో రాస్తే ఇంకా మంచిది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ భూమి గొడవలకి సరే, పెన్షన్‌కి కాదు. ఎంపీగారి సిఫార్సు ఉత్తరం హాని చెయ్యదు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కుటుంబాల వాళ్ళు కూడా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. వాళ్ళ బాధ తక్కువని కాదు గానీ పైన చెప్పిన కార్యాలయం, స్పర్శ్, ట్రిబ్యునల్ మూడూ ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళవి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్ళది హోంశాఖ. ఆయన చివరగా పనిచేసిన బెటాలియన్, గ్రూప్ సెంటర్ అడ్రసులు పట్టుకుని, హోంశాఖ కింద ఉన్న సంక్షేమ, పునరావాస బోర్డు వార్బ్‌ని అడగాలి.