పాత ఎస్‌ఎంపీఎస్‌తో నెట్టుకురావాలా, కొత్తది కొనాలా?

తమ్ముడి కంప్యూటర్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకున్నాం. కేబినెట్‌తోపాటు వచ్చిన ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఇంట్లో ఉంది. విశాఖ ద్వారకానగర్‌లో చూసొచ్చింది 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది.

పాతదాని స్టిక్కర్ మీద దుమ్ము తుడిచి చదివాను. కార్డూ ప్రాసెసరూ కరెంటు తీసుకునే 12 వోల్టుల లైను దగ్గర 16 ఆంపియర్లని ఉంది. గుణిస్తే 192 వాట్లే! కార్డు ఒక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది. 65 వాట్ల ప్రాసెసర్ కలిస్తే లెక్క దాటిపోయినట్టే. పైన పెద్దక్షరాల్లో వేసిన 450 ఇక్కడ అక్కరకు రాదు. కార్డుకి కావలసిన 8 పిన్నుల వైరూ లేదు. మోలెక్స్ కన్వర్టర్‌తో (పాతరకం నాలుగు పిన్నుల వైరును 8 పిన్నులకు మార్చే ముక్క) సరిపెట్టమన్నారొకరు. దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ కనెక్టర్లు వేడెక్కి కరిగిపోవచ్చు.

కొత్తదాంట్లో 12 వోల్టుల మీదే 500 వాట్లు దాటి వస్తుంది. ఈ కార్డుకి దాని చిప్ కంపెనీ ఎన్విడియా సూచించేదీ 550 వాట్లే. అయితే బ్రాంజ్ ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది, అంతే. మన్నిక కోసం వారంటీ ఎన్నేళ్లో అడగండి. మాది పెదవాల్తేరు, ఉప్పుగాలికి పాతదాని జాలీ అప్పుడే తుప్పు పట్టింది.

కార్డు లేకుండా ఆఫీసు పనికే అయితే పాతదే ఉంచుకోవచ్చు. మేం మాత్రం కొత్త 550 వాట్లదే తెచ్చాం. 650 వాట్లది, రేపు ఇంకా పెద్ద కార్డు వేసే ఆలోచన ఉన్నవాళ్లకే.