కోఠిలో సోల్డర్ తీగ కొనే కొత్తవారికి హెచ్చరిక: చుట్ట మీది స్టిక్కరు లాగి చూడండి

నిన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. కోపం ఇంకా చల్లారలేదు, అయినా మరొకరు నష్టపోకముందే రాస్తున్నాను. మా నాన్నగారి పాత ట్రాన్సిస్టర్ రేడియోలో వదులైన అతుకులను నేనే సరిచేద్దామని గత వారం కోఠిలోని గుజరాతీ గల్లీలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (అతుకులు వేసే వేడి కడ్డీ), 60/40 సోల్డర్ (కరిగించి అతుకు వేసే లోహపు తీగ) చుట్ట కొన్నాను.

60/40 అంటే తగరం 60 పాళ్లు, సీసం 40 పాళ్లు. అది 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 190 దగ్గరకల్లా పూర్తిగా కరుగుతుంది. నేను కొన్నది మాత్రం ఐరన్ ఎంతసేపు ఆనించినా ముద్దకట్టిందే తప్ప ప్యాడ్ (బోర్డు మీద అతుకు పడే చిన్న రాగి బిళ్ల) మీద పారలేదు. లోపం నా చేతిదేనని నమ్మి మళ్లీ మళ్లీ వేడి చేశాను. ఆ పాత బోర్డుల మీది రాగి పొర అంత వేడికి నిలవదు. రెండు ప్యాడ్లు, వాటిని కలిపే సన్నని రాగి గీతతో (ట్రాకుతో) సహా లేచి వచ్చాయి. అప్పుడు గాని చుట్టను పరీక్షగా చూడలేదు. స్టిక్కరు అంచు పట్టి లాగితే, కింద అచ్చులో 40/60 అని ఉంది! అందులో సీసమే ఎక్కువ, పూర్తిగా కరగాలంటే సుమారు 238 డిగ్రీలు కావాలి.

చుట్ట తీసుకొని దుకాణానికి వెళ్లాను. యజమాని దాన్ని అందుకొని, నేను చూస్తుండగానే, లేచిన స్టిక్కరును బొటనవేలితో అదిమి మళ్లీ అంటించి, "60/40 అనే ఉంది కదా! ఐరన్ పట్టడం రానివాళ్లకు ఏ లెడ్ ఇచ్చినా ఇంతే" అన్నాడు (లెడ్ అంటే ఇక్కడ సోల్డరే). పక్కన ఉన్న కాలేజీ పిల్లలు నా వైపు తిరిగి చూశారు. డబ్బు పోయినందుకు కాదు, తన వేలి కింద ఉన్న అబద్ధాన్ని నా చేతకానితనంగా మార్చి నలుగురిలో చెప్పినందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. బిల్లు చూపించమన్నాడు. బిల్లు అడిగి తీసుకోకపోవడం నా తప్పే. అంతకంటే పెద్ద తప్పు, నాన్నగారి రేడియో మీద పెట్టేముందు ఏదైనా పనికిరాని బోర్డు మీద ఆ తీగను పరీక్షించకపోవడం.

కొనేటప్పుడు బిల్లులో 60/40 అని రాయించుకోండి, వీలైతే అక్కడే కొంచెం కరిగించి చూపమనండి. ఇంట్లో మూడు నాలుగు సెకన్లలో సోల్డర్ ప్యాడ్ మీద పారకపోతే ఐరన్ వెంటనే తీసేయండి.