లిప్ బామ్, షుగర్ స్క్రబ్: ప్రిజర్వేటివ్ దేనికి కావాలి?

తయారీలో రెండింటికీ చుక్క నీరు వాడం. బేగంబజార్‌లో కొన్న తేనెమైనాన్ని కొబ్బరినూనెలో కరిగించి డబ్బాల్లో పోస్తే బామ్. అదే నూనెలో పంచదార కలిపితే స్క్రబ్. అయినా ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా వేసే పదార్థం) దగ్గరికొచ్చేసరికి రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

బామ్‌కి అక్కర్లేదు. బ్యాక్టీరియా, బూజు పెరగాలంటే నీరుండాలి, ఇందులో అది లేదు. దీని శత్రువు గాలి. ఆక్సిజన్ తగిలేకొద్దీ నూనె పాతబడి వాసనొస్తుంది, హైదరాబాద్ మే నెల ఎండకి ఇంకా తొందరగా. విటమిన్-ఇ కాస్త కలిపితే అది నెమ్మదిస్తుంది. కానీ విటమిన్-ఇ క్రిముల్ని ఆపదు. దాన్నే ‘సహజ ప్రిజర్వేటివ్’ అని అమ్మడం తప్పు.

స్క్రబ్ సంగతి వేరు. అది ఉండేది బాత్రూంలో, తీసేది తడి చేత్తో. కొన్నాళ్లు వాడిన డబ్బా మూత తిప్పి చూడండి, లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తాయి. ఆ నీరు నూనె కిందకి దిగి పంచదారను పాకంలా చేస్తుంది. పాకం చిక్కగా ఉన్నంతసేపు క్రిములు అంతగా పెరగవు. పలచబడిందా, ఆ పంచదారే వాటికి మేత. జిడ్డు సులువుగా కడుక్కుపోవాలని ఎమల్సిఫైయర్ (నూనె, నీరు కలిసేలా చేసే పదార్థం) కలిపితే నీరు ఇంకా లోపలికి చేరుతుంది.

అందుకే స్క్రబ్‌లో ప్రిజర్వేటివ్ వేయాల్సిందే. ఎక్కువమంది వాడే ఫినాక్సీ ఇథనాల్‌కి యూరప్ నిబంధనల్లో పరిమితి 1 శాతం. ఇంట్లోకైతే పొడి స్పూన్‌తో జాగ్రత్తగా నెట్టుకురావచ్చు. అమ్మేటప్పుడు మాత్రం కొన్నవాళ్ల చేతులు పొడిగా ఉంటాయని నమ్మి వదిలేయకండి.