పిల్లల మెదడు అలసట తెలియాలంటే ఏది మేలు: ఈఈజీయా, పది నిమిషాల టెస్టా?

కూకట్‌పల్లిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. రాత్రి స్టడీ అవర్‌లో తొమ్మిది దాటాక కొందరు ఒకే లైను నాలుగుసార్లు చదువుతుంటారు. "అలసిపోయావా అమ్మా?" అంటే "లేదు సార్" అంటారు. పరీక్షల ముందైతే అసలు ఒప్పుకోరు. అందుకే అడిగి తెలుసుకోవడం ఒక్కటే చాలదు.

ఈఈజీ అంటే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష. దీనికి ఆ మొహమాటం అడ్డు రాదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి మెదడు తరంగాలను రికార్డు చేశాడు. మెదడు అలసే కొద్దీ సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే థీటా, 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు పెరగడం చాలా పరిశోధనల్లో కనిపించింది.

చిక్కేమిటంటే, కష్టమైన లెక్క మీద మనసు పెట్టినా నుదుటి వైపు థీటా పెరుగుతుంది. ఊరికే కళ్లు మూసుకున్నా ఆల్ఫా పెరుగుతుంది. అలసటా, శ్రద్ధా అన్నది గీత చూసి తేల్చడం తేలిక కాదు. పైగా మెదడు సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది. రెప్ప వేసినా, పళ్లు బిగించినా ఆ కదలికే దాన్ని కప్పేస్తుంది. నూనె రాసి జడ వేసుకున్న అమ్మాయి ముందు తలస్నానం చేసి రావాలి, లేకపోతే ఎలక్ట్రోడు సరిగా పట్టదు. తర్వాత జెల్ వదిలించుకోవడానికి మళ్లీ తలస్నానం. నుదుటికి కట్టుకునే హెడ్‌బ్యాండుకు ఈ తిప్పలు లేవు గానీ, రెప్పల అలజడి ఎక్కువగా చేరేది అక్కడే.

ఇక పది నిమిషాల టెస్టు అంటే సైకోమోటర్ విజిలెన్స్ టెస్టు, ఎంత చురుగ్గా స్పందిస్తున్నారో చూసేది. దానికి ఒక తెర, ఒక బటన్ చాలు. ఎప్పుడు వస్తాయో తెలియని అంకెలు కనబడగానే నొక్కాలి. అర సెకను దాటితే తప్పినట్టే. నిద్ర చాలని వాళ్లకు ఈ తప్పులు పెరుగుతాయి. మనసు పెట్టకుండా నొక్కితే మాత్రం ఫలితం దండగ.

పరిశోధనకైతే ఈఈజీయే మేలు, అదీ ఒకే విద్యార్థి ఉదయం గీతను సాయంత్రం గీతతో పోల్చినప్పుడు. హాస్టల్లో మాత్రం నా ఓటు పది నిమిషాల టెస్టుకే. వారం రోజులు ఒకే వేళకు పెడితే ఎవరి మామూలు లెక్క ఎంతో తెలుస్తుంది. తప్పులు అంతకు మించిన రాత్రి, ఆ పిల్లను పుస్తకం మూసి పడుకోమని పంపే అధికారం వార్డెన్‌కు ఉండాలి.