బేస్‌మెంట్‌లో రెండు పెద్ద చేపల ట్యాంకులు: ఆరేళ్ళ వాడకం తర్వాత మా తూము గురించి

మా బేస్‌మెంట్‌కి ఎవరొచ్చినా నేరుగా ట్యాంకుల దగ్గరికి వెళ్తారు. కాసేపయ్యాక నేను వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళి నేల మీద ఉన్న తూము చూపిస్తాను. స్టీలు జాలీ మూత, నాలుగు వైపుల నుంచీ దాని వైపు వాలుగా దిగే నేల. అంతే. ఈ ఇంటి మీద ఖర్చు పెట్టిన డబ్బులో నాకు ఇంత సుఖం ఇచ్చింది ఇంకోటి లేదు. పని పూర్తయింది 2019 వసంతంలో. బేస్‌మెంట్ చేయించుకుంటూ అందులో పెద్ద ట్యాంకులు పెట్టాలనుకునే స్నేహితులు తరచూ అడుగుతుంటారు కాబట్టి, వాడాక తెలిసిన సంగతులు ఒకచోట రాస్తున్నాను.

ట్యాంకుల కొలతలు, ఫిల్టర్లు, లైట్ల గురించి ఎక్కడైనా దొరుకుతుంది, వాటి జోలికి పోను. మావి 180 గ్యాలన్లది ఒకటి, 125 గ్యాలన్లది ఒకటి. పెద్దదానిలో ఫ్రంటోసాలు (ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు చేపలు), చిన్నదానిలో అక్కడిదే మలావీ సరస్సులో ఉండే సిక్లిడ్ జాతి చేపలు. మేముండేది షికాగోకి పడమర, డ్యూపేజ్ కౌంటీలో. ఇక్కడికి 1992 నుంచి మిచిగాన్ సరస్సు నీళ్ళు వస్తున్నాయి. కాస్త కఠినమైన నీళ్ళు, ఈ ఆఫ్రికా చేపలకి బాగా సరిపోతాయి. బరువు గురించి భయం అక్కర్లేదు. 180 గ్యాలన్లంటే నీళ్ళే 1,500 పౌండ్లు, పై అంతస్తులో అయితే ఇంజనీరుని అడగాల్సిందే గానీ బేస్‌మెంట్ కాంక్రీటు నేల మోసేస్తుంది.

ఇక తూము. మా నాన్న చెరువులు చేసిన మనిషి. కైకలూరు దగ్గర కౌలు చెరువుల్లో చాలా ఏళ్ళు బొచ్చె, శీలావతి పెంచారు. నేను ప్లాన్ గీసి వాట్సాప్‌లో పంపితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ళు పెట్టడం సరేరా, తూము ఏది?" అని. ప్లాన్‌లో లేదు. ఇంటితోపాటు వచ్చిన పాత డ్రైన్ ఒకటి ఫర్నేస్ పక్కన ఉంది, ట్యాంకులు పెట్టే చోటికి పద్నాలుగు అడుగుల దూరం. కాంట్రాక్టర్ ఆ డ్రైన్ చాలదా అన్నాడు, నేల మీదుగా అక్కడిదాకా పైపు తీసుకెళ్ళొచ్చు అన్నాడు. కాంక్రీటు కోసి, కాలువ తవ్వి, అడుగుకి పావు అంగుళం వాలుతో కొత్త పైపు వేసి, మళ్ళీ పూడ్చాలంటే 2,300 డాలర్లు అదనం. అవి ప్రొజెక్టర్ కోసం దాచిన డబ్బులు. మా ఆవిడ రెండు రోజులు ఆలోచించి, "నీళ్ళతో ఇబ్బంది పడేకన్నా టీవీలో చూసుకుందాం" అంది. ఆ మాటకి ఇప్పటికీ తనకి రుణపడి ఉన్నాను.

తేడా ఎంతంటే, ఇదివరకు అద్దె ఇంట్లో 55 గ్యాలన్ల ట్యాంకుకే ప్రతి శనివారం బకెట్లు మోసి నడుం పట్టేసేది. ఇప్పుడు ఒక వాల్వ్ తిప్పితే పాత నీళ్ళు డెబ్భై గ్యాలన్లు తూములోకి పోతాయి, ఇంకో వాల్వ్ తిప్పితే కొత్త నీళ్ళు వస్తాయి. క్లోరిన్ పోవడానికి మందు కలపడం, చలికాలంలో చల్లటి నీళ్ళకి వేడి నీళ్ళు కలిపి సరిచూడడం, అంతే నా పని. ఫిల్టర్ స్పాంజీలు అక్కడే కడుగుతాను. తూము చుట్టూ ఎన్ని నీళ్ళు చిందినా తుడిచే పని లేదు.

2020 ఆగస్టు దాకా అడిగినవాళ్ళందరికీ ఇంతవరకే చెప్పేవాణ్ణి.

ఆ నెల 10వ తేదీ, సోమవారం. పక్క రాష్ట్రం అయోవాని నేలమట్టం చేసిన డెరెచో అనే పెను గాలివాన మధ్యాహ్నం దాటాక మా వైపు వచ్చింది. ఇంటి నుంచి పని చేస్తున్న రోజులు, పిల్లలూ ఇంట్లోనే ఉన్నారు. సైరన్లు మోగగానే నలుగురం బేస్‌మెంట్‌లోకి దిగి ట్యాంకుల ముందు కూర్చున్నాం. కాసేపటికి కరెంటు పోయింది. పంపులు ఆగిపోయాయి. ఏడాదిన్నరగా ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పైన గాలి హోరు, కింద చీకటి. ఇంతలో మా ఆవిడ అంది, "ఏవండీ, వెనక గదిలో ఆ నీళ్ళ చప్పుడేంటి?"

ఫోన్ లైటు వేసుకుని వెళ్ళాను. ట్యాంకు నుంచి దిగే నీళ్ళు వెనక గదిలో ఉన్న ఫిల్టర్ పెట్టెలో పడతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. పంపు ఆగితే ఆ పైకి తోసే పైపే సైఫన్‌గా మారి ట్యాంకు నీళ్ళని వెనక్కి లాగేస్తుంది. అలా కాకుండా పైపుకి ఒక చిన్న బెజ్జం పెడతారు. నీటి మట్టం కాస్త దిగగానే అది గాలి పీల్చి సైఫన్‌ని తెంపేస్తుంది. మా బెజ్జం నాచుతో పూడుకుపోయింది. దానికి తోడుగా పెట్టిన చెక్ వాల్వ్‌లో (నీళ్ళని ఒకవైపే పోనిచ్చేది) చిన్న నత్త ఇరుక్కుని మూత పూర్తిగా పడలేదు. పైపు మూతి నీటి మట్టానికి నాలుగు అంగుళాల కింద ఉంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్యాంకులో ఒక్క అంగుళం అంటే ఏడున్నర గ్యాలన్లు. నాలుగు అంగుళాలకి ముప్పై గ్యాలన్లు. పెట్టెలో ఖాళీ ఉన్నది పన్నెండు గ్యాలన్లకే. మిగిలిన పద్దెనిమిది గ్యాలన్లూ నేల మీద. నేను చూసేసరికి ఆ నీళ్ళు సుడి తిరుగుతూ తూములోకి దిగిపోతున్నాయి. గుమ్మం అవతల కార్పెట్ అంచు కూడా తడవలేదు. ఆ సంతోషం చెప్పలేను.

ఒక గంట తర్వాత తట్టింది, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి అని. మా ఇంట్లో మురుగు పైపు బేస్‌మెంట్ నేల కంటే ఎత్తులో బయటికి పోతుంది. కింది నీళ్ళన్నీ ముందు ఒక గుంటలో చేరి, అక్కణ్ణుంచి పంపుతో పైకి ఎక్కాలి. ఆ పంపుకీ కరెంటు కావాలి. వాన నీళ్ళ గుంటకి బ్యాటరీ పంపు ఉంది. ఈ గుంటకి లేదు, ఉండాలని నాకు గానీ కాంట్రాక్టర్‌కి గానీ తట్టలేదు. మూత తీసి చూస్తే సగం పైగా నిండి ఉంది. రెండో ట్యాంకు కూడా అలాగే పొర్లి ఉంటే తూములోంచి నీళ్ళు పైకి తన్నేవి.

చీకటి పడేసరికి ఫ్రంటోసాలు పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. రాత్రి పదింటికి నాన్నకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. వీడియోలో చూసి వెంటనే చెప్పారు. "చేప తేలిందిరా, గాలి చాలట్లేదు. మేత ఒక్క గింజ వెయ్యకు. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పొయ్యి. ఆపకు." చెరువులో ఏరియేటర్లు ఆగినప్పుడు తెల్లారుజామున ఆయన పడిన ఆరాటం నేను చిన్నప్పుడు చూశాను. అది ఏంటో ఆ రాత్రి తెలిసింది. నేను, మా ఆవిడ, పెద్దమ్మాయి వంతులేసుకుని తెల్లవార్లూ చెంబులతో నీళ్ళు తీసి పోశాం. కరెంటు వచ్చింది మర్నాడు సాయంత్రం ఏడింటికి. పదకొండు ఫ్రంటోసాల్లో మూడు పోయాయి. మెల్లగా పెరిగే చేపలు, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు బతుకుతాయి. వాటిని పెరట్లో పాతిపెట్టేటప్పుడు మా చిన్నోడు ఏడుపు ఆపలేదు.

బేస్‌మెంట్ వల్ల కలిసొచ్చింది ఒకటుంది. పైన ఇల్లు ఉడికిపోతున్నా కింద చల్లగానే ఉంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి ఇంకా తగ్గిపోయేది. పై అంతస్తులో అయితే ఇంకెన్ని పోయేవో.

ఆ తర్వాత పైపు మూతిని పైకి జరిపి, నీటి మట్టానికి అంగుళం కిందే ఉండేలా పెట్టాను. బెజ్జం పెద్దది చేసి నెలకోసారి పుల్లతో పొడుస్తాను. చెక్ వాల్వ్‌ని నమ్మడం మానేశాను. కరెంటు పోగానే వాటంతటవే మొదలయ్యే చిన్న బ్యాటరీ గాలి పంపులు రెండు పెట్టాను. మురుగు గుంట పంపుకి, ట్యాంకు పంపులకి కలిపి పెద్ద బ్యాటరీ కొన్నాను. మన ఊళ్ళల్లో మామూలు ఇళ్ళల్లో కూడా ఇన్వర్టర్ ఉంటుంది, ఇక్కడ ఆ అలవాటు లేక మొదట్లోనే ఆలోచించలేదు.

తేమ గురించి కూడా నా పాత మాట ఒకటి సరిదిద్దుకోవాలి. మొదటి ఏడాది "తేమ సమస్యే లేదు" అని చాలామందికి చెప్పాను. ఎండాకాలంలో డీహ్యుమిడిఫైయర్ పైపు నేరుగా తూములో పెట్టాం, దాని బకెట్ ఖాళీ చేసే పని లేదు, హాయిగా గడిచింది. రెండో చలికాలంలో కిటికీ అద్దాల మీద నీళ్ళు కారడం మొదలైంది. ఉత్తరం మూల గోడ అడుగున నల్లటి బూజు కనిపించింది. గోడ తెరిస్తే కాంక్రీటుకీ జిప్సం బోర్డుకీ మధ్య దూది లాంటి ఇన్సులేషన్ తడిసి ఉంది. ఆ గోడ వరకు గట్టి ఫోమ్ పలకలు వేయించి, ట్యాంకుల మీద అద్దం మూతలు పెట్టి, తేమ పెరిగితే తనే తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాక తగ్గింది. మొదటే గోడలన్నిటికీ ఫోమ్ వేయించి ఉండాల్సింది.

ఇంకో సంగతి. వారం వారం డెబ్భై గ్యాలన్లు పోస్తే ఆ గుంట పంపుకి పని ఎక్కువే. 2024లో అది పాడైంది. ట్యాంకు ఇసుక కొంచెం కొంచెంగా అందులో చేరిందని ప్లంబర్ చూపించాడు. ఇప్పుడు పాత నీళ్ళ పైపు చివర పాత మేజోడు కడుతున్నాను, ఇసుక అందులోనే ఆగిపోతోంది.

ఇంత జరిగాక కూడా చేయించుకోమని చెప్తారా అంటే, మా పరిస్థితిలో మళ్ళీ చేయించుకుంటాను. సొంత ఇల్లు, పిల్లల చదువులు అయ్యేదాకా కదిలే ఆలోచన లేదు. బేస్‌మెంట్‌లో పడకగది లేదు కాబట్టి పంపుల చప్పుడు, తేమ ఎవరి నిద్రా చెడగొట్టవు. రెండు మూడేళ్ళలో ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవాళ్ళకి, వీసా సంగతి తేలనివాళ్ళకి ఇంత డబ్బు నేలలో పోయమని చెప్పలేను. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడి లాంటి వాళ్ళకి అసలు బేస్‌మెంటే ఉండదు. చేయించుకునేవాళ్ళు మాత్రం తూము నీళ్ళు బయటికి వాటంతటవే పోతాయా, పంపు ఎక్కించాలా అన్నది కాంట్రాక్టర్‌ని మొదటి రోజే అడగండి.

మా 125 గ్యాలన్ల ట్యాంకు వైపు నేల వాలు ఇప్పటికీ కుదరలేదు, అక్కడ చిందిన నీళ్ళు తూము దాకా రాక గోడ వారన నిలుస్తాయి. మే నెలలో నాన్న వస్తున్నారు. ఆయన చూశాక ఆ మూల కాంక్రీటు మళ్ళీ కోయించాలా వద్దా అన్నది తేలుస్తాం.