రొయ్యల చెరువు డేటాకి ఎక్సెలా, పైథానా?

ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీద ప్రాజెక్టు చేసే ఇంజినీరింగ్ పిల్లలు ముందు ఎక్సెల్ తెరుస్తారు. తప్పేం లేదు. రైతు పుస్తకంలో రాసుకున్న పొద్దుటి, సాయంత్రం రీడింగులే అయితే అది చాలు.

సెన్సర్ పెట్టారా, కథ మారుతుంది. నిమిషానికో రీడింగంటే చెరువుకి రోజుకి 1,440. పది చెరువులు, 120 రోజుల పంట అనుకుంటే 17,28,000 వరసలు. ఎక్సెల్ షీటు 10,48,576 దగ్గర ఆగిపోతుంది. పైగా కొన్ని కోడ్‌లను అడక్కుండానే తేదీలుగా మార్చేస్తుంది. ఈ బాధ పడలేక 2020 నాటికి కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చేశారు! పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాండాస్ (పట్టికల డేటాకి వాడే రెడీమేడ్ కోడ్) ఉంటే, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకి పడిందో చెరువువారీగా తీయడానికి నాలుగు లైన్లు చాలు. రేపు గైడ్ "ఈ సగటు ఎలా వచ్చింది?" అంటే ఆ లైన్లే సాక్ష్యం. ఎక్సెల్‌లో ఏ గడి ఎప్పుడు మారిందో ఎవరికెరుక?

తెలుగు మీడియం వాళ్లకి పైథాన్ ఎర్రర్లంటే గుబులు. ఆఖరి లైను ముందు చదవండి, తప్పేమిటో చాలావరకు అక్కడే ఉంటుంది. రీసెర్చ్ పేపర్ల ఇంగ్లీషు కన్నా ఇది సులువే. నా ఓటు పైథాన్‌కి. రైతుకి ఇచ్చేటప్పుడు మాత్రం ఎక్సెల్ ఫైలే ఇవ్వండి.