లిబ్రెఆఫీసా, గూగుల్ డాక్సా: ఏది మేలు?

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎంఎస్ ఆఫీస్ వేసిస్తారా?" అని. కొన్ని చోట్ల ఓ ఐదొందలు తీసుకుని వేసిస్తారు కూడా. అది దొంగ కాపీ అని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. కొన్నాళ్లకు లైసెన్స్ చెల్లదంటూ పైన ఓ పట్టీ కనిపిస్తుంది, మళ్లీ షాపుకు పరుగు. ఆ దొంగ కాపీతో పాటు లోపలికి ఇంకేం దిగిందో ఎవరికీ తెలియదు. కాబట్టి దాన్ని ఈ పోటీలోకే రానివ్వడం లేదు. రాతపనికీ, లెక్కలకీ పైసా పెట్టకుండా, దొంగతనం చేయకుండా వాడుకోగలిగినవాటిలో నేను ఏళ్లుగా వాడుతున్నవి రెండు: లిబ్రెఆఫీస్, గూగుల్ డాక్స్.

లిబ్రెఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి చీలి వచ్చింది. పాత పేరు గుర్తుండి ఇప్పటికీ ఓపెన్ఆఫీసే దించుకునేవాళ్లున్నారు. వద్దు, దానికి కొత్త మార్పులు రావడం బాగా తగ్గిపోయింది. లిబ్రెఆఫీస్‌ను ఒక్కసారి దించుకుంటే చాలు, ఆ తర్వాత నెట్ లేకపోయినా పని నడుస్తుంది. లాగిన్ అడగదు. ఫైలు మన డిస్కులోనే ఉంటుంది. గూగుల్ డాక్స్‌లో దించుకునేదేమీ లేదు, జీమెయిల్ ఖాతా ఉంటే చాలు, కానీ ఫైలు ఉండేది వాళ్ల సర్వర్లలో. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

తెలుగు రాసేవాళ్లకు ముందు ఫాంట్ల సంగతి చెప్పాలి. డాక్స్‌లో ఫాంట్ల జాబితా తెరిచి 'మోర్ ఫాంట్స్'లో తెలుగు లిపి ఎంచుకుంటే మండలి, రామభద్ర, సూరన్న లాంటివి వరసగా కనిపిస్తాయి, నొక్కితే చాలు. లిబ్రెఆఫీస్‌లో అవే ఫాంట్లను మనమే ఉచితంగా దించి కంప్యూటర్‌లో వేసుకోవాలి. పైగా టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, భాషల పేజీలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' ఎదురుగా తెలుగు పెట్టాలి. ఇది తెలియక 'తెలుగు సరిగా రావట్లేదు' అని తీసేసినవాళ్లు నాకు తెలుసు.

కానీ ఆ కాస్త కష్టానికి ఫలితం ఉంది. లిబ్రెఆఫీస్ స్టైల్స్‌లో (అక్షరాల రూపాన్ని ఒకేసారి నిర్ణయించి ఉంచే అమరికలు) తెలుగుకు ఒక ఫాంటు, ఇంగ్లీషుకు మరొకటి, సైజులు కూడా వేర్వేరుగా పెట్టుకోవచ్చు. తెలుగు 14, ఇంగ్లీషు 12 అని ఒకసారి చెప్పి ఉంచితే, ఒకే వాక్యంలో రెండూ కలిసినా దేనిది దానికి సరిపోతుంది. డాక్స్‌లో అయితే ప్రతి ఇంగ్లీషు ముక్కనూ పట్టుకుని మార్చాల్సిందే. పది పేజీలు దాటిన తెలుగు పనికి నా ఓటు లిబ్రెఆఫీస్‌కే.

డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు మాత్రం, ఆ ఫాంట్లు లేకపోతే, రెండింట్లోనూ పిచ్చి గీతల్లాగే కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లోకి, మార్చుకోవడం మేలు.

ప్రింటు దగ్గర ఒకసారి దెబ్బ తిన్నాను. లిబ్రెఆఫీస్‌లో చేసిన శుభలేఖ నమూనాను డాక్ఎక్స్‌గా, అంటే ఎంఎస్ వర్డ్ ఫైలుగా, సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. అక్షరాలు మారిపోయి, వధువు పేరు రెండు లైన్లకు విరిగింది. అప్పటినుంచి బయటికి వెళ్లే ఏ కాగితమైనా పీడీఎఫ్ చేసే ఇస్తున్నాను. లిబ్రెఆఫీస్‌లో అందుకు పైనే ఓ బటన్ ఉంది.

మరి డాక్స్ గెలిచేదెక్కడ? టైపింగ్ రానివాళ్ల దగ్గర. క్రోమ్‌లో డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెట్టి మాట్లాడితే రాసుకుంటూ పోతుంది. చుక్కలు, కామాలు మనమే పెట్టుకోవాలి, ఊళ్ల పేర్ల దగ్గర తడబడుతుంది, అయినా పెద్దవాళ్లు ఓ ఉత్తరం రాయించుకోవడానికి చాలు. అచ్చు పేజీ ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో (నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) పెట్టి డాక్స్‌తో తెరిస్తే, అందులోని తెలుగు అక్షరాలు దిద్దుకోదగ్గ పాఠంగా వస్తాయి. ఫొటో వంకరగా తీస్తే మాత్రం దిద్దడానికే పొద్దుపోతుంది.

అంతకన్నా పెద్ద లాభం పదిమంది కలిసి చేసే పనిలో. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు మొదట లిబ్రెఆఫీస్‌లో లెక్కల పట్టికలకు ఉండే క్యాల్క్‌లో ఉండేవి. ఫైలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి 'ఫైనల్', 'ఫైనల్ 2', 'లాస్ట్ ఫైనల్' అయింది. ఏ ఫైల్లో మోటారు రిపేరు ఖర్చు ఎక్కిందో తేల్చడానికి ఓ ఆదివారం మీటింగ్ పెట్టుకున్నాం. డాక్స్‌కు తోడుగా గూగుల్ ఇచ్చే లెక్కల పట్టిక, షీట్స్‌కు మార్చాక ఆ టెన్షన్ పోయింది. ట్రెజరర్ ఫోన్లోనే ఎక్కిస్తారు, మిగతావాళ్లకు చూసే అనుమతి మాత్రమే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో దొరుకుతుంది.

అయితే గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫొటోలకీ కలిపే. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. మనవడి వీడియోలతో అది నిండిపోతే మెయిళ్లు రావడం కూడా ఆగుతుంది. అప్పుడు నెలనెలా డబ్బు కట్టమంటుంది. ఉచితం అన్నమాటలో ఈ మెలిక ఉంది. లిబ్రెఆఫీస్‌లో అలాంటి గొడవ లేదు, కానీ డిస్కు పోతే ఫైలూ పోయినట్టే. కాపీ ఉంచుకునే బాధ్యత మనది.

పొలం కాగితాలు, ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న ఫైళ్లను నేను డ్రైవ్‌లో పెట్టను. ఎవరో దొంగిలిస్తారని కాదు, లింకు షేర్ చేసేటప్పుడు ఒక్క నొక్కు తప్పితే ఊరందరికీ తెరుచుకుంటుందని. అవి లిబ్రెఆఫీస్‌లో, పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేస్తాను. పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం ఆ ఫైలు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అపార్ట్‌మెంట్ లెక్క ఇప్పటికీ షీట్స్‌లోనే ఉంది. నెలాఖరున దాన్ని దించుకుని, క్యాల్క్‌లో తెరిచి సరిచూసి, పెన్‌డ్రైవ్‌లో ఓ కాపీ పెడుతున్నాను.